హైదరాబాద్ చూడ్డానికి వచ్చినవాళ్లకి ఫోన్ ఎంతవరకు తోడొస్తోంది? మీ ఊళ్ల సంగతి కూడా చెప్పండి

మూసీ ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు), శనివారం రాత్రి 9:40

పోయిన వారం మా పెదనాన్న, పెద్దమ్మ భీమవరం నుంచి వచ్చారు. గోల్కొండలో రామదాసు బందీఖానా చూడాలని పెదనాన్నకి ఎప్పటినుంచో కోరిక. పెద్దమ్మకి సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం. రెండు రోజులు సెలవు పెట్టి నేనే తిప్పాను.

ముందు బాగున్న సంగతి చెప్తా. ఇంట్లోనే వాట్సాప్‌లో మెట్రో టికెట్లు తీశాను. 2022 అక్టోబరు నుంచి ఉన్న సదుపాయమే, కానీ పెద్దవాళ్లని కౌంటర్ దగ్గర నిలబెట్టక్కర్లేకపోతే ఎంత హాయో ఆ రోజే తెలిసింది. ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి మూసీ దాటి మ్యూజియానికి వెళ్లాం. పన్నెండు కాకముందే గడియారం ముందు బెంచీలన్నీ నిండిపోయాయి. అందులో చిన్న కమ్మరి బొమ్మ సెకను సెకనుకీ సుత్తి వేస్తూనే ఉంటుంది. గంట వేళకి తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికొచ్చింది. పన్నెండు దెబ్బలూ పెద్దమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. మ్యూజియంలోని వస్తువులు కొన్ని గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో ఉన్నాయని చెబితే, రాత్రి అన్నం తిన్నాక నా ట్యాబ్ తీసుకుని పదకొండింటి దాకా చూస్తూ కూర్చుంది.

ఇంకోచోట మాత్రం (పేరు రాయను) నలభై నిమిషాలు గేటు బయటే అయిపోయాయి. కౌంటర్ మూసేసి ఉంది. క్యూఆర్ బోర్డు ఎండకి వెలిసిపోయింది, మూడుసార్లు పెడితే గానీ స్కాన్ కాలేదు. అందరి పేర్లు, వయసులు, గుర్తింపు కార్డు నంబర్లు కొట్టాక డబ్బులు కట్ అయ్యాయి, టికెట్ రాలేదు. మళ్లీ మొదటినుంచి. మా పక్కన నాందేడ్ నుంచి వచ్చిన పెద్దాయన, ఇద్దరు మనవళ్లు. ఆయన దగ్గర బటన్ ఫోన్. చేతిలో వంద నోటు పట్టుకుని గేటు వైపు చూస్తున్నాడు, తీసుకునేవాళ్లు లేరు. వాళ్ల టికెట్లూ నా ఫోన్‌లోనే తీశాను. "డబ్బులు పట్టుకొచ్చినవాణ్ణి కూడా లోపలికి రానివ్వరేంట్రా?" అని పెదనాన్న అడిగితే నా దగ్గర జవాబు లేదు.

టెక్నాలజీ వద్దని నేననట్లేదు, నాకు అదే తిండి పెడుతోంది. ఆన్‌లైన్ టికెట్ అంటే చూడ్డానికి వచ్చినవాడి పని తగ్గాలి. కౌంటర్లో కూర్చున్నవాళ్లు చేసే టైపింగ్ తెచ్చి వాడి నెత్తిన పెడితే అది సదుపాయం ఎలా అవుతుంది? వేరే ఊళ్లలో, దేశాల్లో ఉన్నవాళ్లు అక్కడ ఎలా చేస్తున్నారో చెప్పండి.

---

కోట మెట్లు, శనివారం రాత్రి 10:25

అన్నా, నేను గోల్కొండలో గైడ్‌ని. పద్దెనిమిదేళ్లయింది. మీ పెదనాన్నగారు బందీఖానా చూశారా? గోడ మీద రామదాసు చెక్కుకున్న సీతారాములు, హనుమంతుడి బొమ్మలు చూపించగానే మన తెలుగు పెద్దలు చెప్పులు బయటే విడిచేస్తారు. రాతిగోడలు మందం, అక్కడ ఫోన్ సిగ్నల్ సరిగ్గా అందదు. క్యూఆర్ స్కాన్ చేసి ఆడియో వినండి అంటే లోపలికొచ్చాక చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఏ ఆడియో గైడ్ పెట్టినా గేటు దగ్గరే డౌన్‌లోడ్ చేసుకునేలా ఉండాలి. ఇది తయారుచేసేవాళ్లు ఒక్కరోజు మాతో మెట్లెక్కితే తెలిసిపోతుంది.

టికెట్ సంగతి. మన చార్మినార్, గోల్కొండల్లో కౌంటర్లో 25 రూపాయలు, ఆన్‌లైన్‌లో 20. విదేశీయులకు 300, ఆన్‌లైన్‌లో 250. 15 ఏళ్లలోపు పిల్లలకి ఉచితం. ఆ ఐదు రూపాయల తగ్గింపు మంచిదే, చదువుకునే పిల్లలు దారిలోనే తీసుకుని వస్తారు. కరోనా తర్వాత 2020లో కట్టడాలు మళ్లీ తెరిచినప్పుడు మొత్తం క్యూఆర్ మీదే నడిచింది. పల్లెల నుంచి వచ్చే టూరిస్టు పార్టీలకి అప్పుడు మా గైడ్లమే ఫోన్లిచ్చాం.

నాకు ఫోన్ వల్ల జరిగిన మేలు కూడా చెప్పాలి. ఇదివరకు పార్టీ కోసం గేటు దగ్గర పొద్దున్నుంచి ఎదురుచూపులు. ఇప్పుడు సగం పార్టీలు ముందురోజే వాట్సాప్‌లో మాట్లాడుకుంటాయి. కాకపోతే అందరూ సాయంత్రం నాలుగింటికే దిగుతారు, కోట చూసి అలాగే సౌండ్ అండ్ లైట్ షో కూడా చూసి పోదామని. 2024లో కొత్త షో మొదలైనప్పటి నుంచి అది ఇంకా ఎక్కువైంది. పొద్దున తొమ్మిదింటికి వస్తే కోటంతా మీ సొంతం అన్నట్టుంటుంది. "ఇప్పుడు గోల్కొండలో జనం ఎక్కువ, ముందు కుతుబ్‌షాహీ సమాధులు చూసుకుని రండి" అని ఎవరైనా ఒక్క మెసేజ్ పంపితే చాలు. అవి ఇక్కడికి దగ్గరే.

కోట ప్రవేశద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు అవతల, కొండ మీదున్న బాలాహిసార్‌లో వినిపిస్తుంది. అది వీడియోలో చూసి వచ్చినవాళ్లు కూడా పైన నిలబడి స్వయంగా విన్నప్పుడు ఒక్క క్షణం ఫోన్ దించేస్తారు.

---

మిలన్ మావయ్య, శనివారం రాత్రి 11:50

మూసీ ఒడ్డు గారూ, ఇటలీ సంగతి నేను చెప్తాను. వెనిస్ 2024 ఏప్రిల్ 25 నుంచి ఒక పద్ధతి మొదలుపెట్టింది. రాత్రి బస చేయకుండా పగలొచ్చి వెళ్లిపోయేవాళ్లు 5 యూరోలు కట్టి ఆన్‌లైన్‌లో క్యూఆర్ కోడ్ తీసుకోవాలి. ఆ ఏడాది రద్దీగా ఉండే 29 రోజులకి, ఉదయం 8:30 నుంచి సాయంత్రం 4 వరకు. 2025లో దాన్ని 54 రోజులకి పెంచారు. ముందుగా బుక్ చేసుకుంటే 5, వెళ్లే రోజుకి ముందు చివరి మూడు రోజుల్లో అయితే 10 యూరోలు.

మా అత్తగారూ మావగారూ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. శాంటా లూచియా స్టేషన్ బయట జాకెట్లు వేసుకున్న కుర్రాళ్లు నిలబడి ఫోన్ చూపించమన్నారు. నాలుగు క్యూఆర్‌లూ నా ఫోన్‌లోనే ఉన్నాయి, నిమిషంలో అయిపోయింది. మా పాపకి 14 నిండలేదు కాబట్టి డబ్బులు లేవు. కోడ్ లేకుండా వచ్చిన ఒక ముసలి జంటకి అక్కడే నిలబడి సాయం చేశారు. ఇది గమనించండి. యంత్రం పెట్టారు, మనుషుల్నీ పెట్టారు.

వెనిస్‌కి ట్రోంకెట్టో అనే చోట ఒక కంట్రోల్ రూమ్ ఉంది. సెల్‌ఫోన్ సిగ్నళ్లు, కెమెరాల ద్వారా ఎక్కడ ఎంతమంది ఉన్నారో, కాలవల్లో పడవలు ఎలా తిరుగుతున్నాయో తెరల మీద చూస్తుంటారు. ఫోన్ ఏ దేశానిదో కూడా తెలిసిపోతుంది, అందుకే అక్కడి జనంలో కొంతమందికి ఇది నచ్చలేదు. రుసుము సంగతికొస్తే మొదటి ఏడాది 24 లక్షల యూరోలు దాకా వచ్చాయి, జనం మాత్రం తగ్గలేదని ఊరివాళ్లే చెప్పారు. నా అభిప్రాయం అడిగితే, ఏ రోజు ఎంతమంది వస్తారో ముందే తెలియడమే దానివల్ల వచ్చిన అసలు లాభం.

---

పాదచారి, ఆదివారం ఉదయం 6:15

బార్సిలోనాలో పార్క్ గ్యుయెల్ దగ్గర 116 నంబరు చిన్న బస్సు ఒకటి తిరుగుతుంది. మ్యాప్ చూసి టూరిస్టులంతా అందులో ఎక్కేసేసరికి ఆ కొండ మీద ఉండే ముసలివాళ్లకి సీటు దొరకడం మానేసింది. వాళ్లు చాలా ఏళ్లు పోరాడితే నగరం ఆ బస్సు రూటుని గూగుల్ మ్యాప్స్‌లో కనిపించకుండా చేయించింది. ఇక వాళ్లకి సీట్లు దొరికాయి. 2024లో పేపర్లలో చదివి మా అమ్మకి చెప్పాను, చాలా సంతోషించింది.

---

లాడ్ బజార్ బిడ్డ, ఆదివారం ఉదయం 8:05

పైన చెప్పిన బస్సు సంగతి చదివి నా మనసులో మాట ఎవరో చెప్పినట్టు అనిపించింది. మాది చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణం. మా తాత కాలం నుంచి. మ్యాప్ పట్టుకుని వచ్చిన కార్లు మా ఇంటి గల్లీలోకి వచ్చి ఇరుక్కుంటాయి. చార్మినార్ చుట్టూ బండ్లు తిరగకుండా చేశారు కదా, అది మ్యాప్‌లో ఒక్కోసారి సరిగ్గా కనిపించదు, పక్క గల్లీల నుంచి తిప్పుతుంది. రంజాన్ నెలలో రాత్రిపూట అయితే అంబులెన్స్ రావడానికి కూడా దారి ఉండదు. ఆ దారుల సంగతి మమ్మల్ని అడిగి మ్యాప్‌లో సరిచేయడానికి నగరం ఒక మనిషిని పెడితే చాలు.

మంచి సంగతి కూడా ఉంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి జీఐ గుర్తింపు (ఒక ఊరి ప్రత్యేక సరుకుకి ఆ ఊరి పేరుతో ఇచ్చేది) వచ్చింది. అప్పటినుంచి వచ్చేవాళ్లు ఫోన్‌లో చదువుకుని "ఇవి లక్కవేనా, ప్లాస్టిక్కా?" అని అడుగుతున్నారు. నాకు చాలా ఇష్టం అలా అడిగితే. మా మామూ బొగ్గుల కుంపటి మీద లక్క వేడి చేసి, చేతికి తగ్గట్టు గాజు వంచి, ఒక్కో అద్దం అతికిస్తుంటే వాళ్లు కూర్చుని చూస్తారు. చూసినవాళ్లు బేరం ఆడరు.

విదేశాల నుంచి వచ్చినవాళ్లు మాత్రం డబ్బులు కట్టడానికి ఇబ్బంది పడుతున్నారు. గోడకి యూపీఐ బోర్డు ఉంటుంది, వాళ్ల దగ్గర కార్డే. మా దగ్గర కార్డు మెషిన్ లేదు. అలా ఎన్నిసార్లు మంచి బేరం పోయిందో.

---

సింగపూర్ సుబ్బలక్ష్మి మనవరాలు, ఆదివారం ఉదయం 9:30

ఆ ఇబ్బంది పడినవాళ్లలో నేనూ ఉన్నాను, లాడ్ బజార్ గారూ! ఎక్కడ చూసినా ఇండియా నంబరుకి ఓటీపీ. ఇక్కడ సింగపూర్‌లో ఏ దేశం బ్యాంకు కార్డైనా సరే, ట్యాప్ చేసి ఇచ్చే రకమైతే, మెట్రో గేటుకి తాకించి ఎక్కేయొచ్చు. బయటి దేశం కార్డుకి కొద్దిపాటి రుసుము పడుతుంది, అంతే. యాప్ వద్దు, రిజిస్ట్రేషన్ వద్దు. విమానం దిగిన అరగంటలో ఊళ్లో ఉంటాం.

మనవాళ్లకి ఒక చిట్కా. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండే మనవాళ్లకి ఇండియా బ్యాంకులు ఇచ్చేవి) ఉన్నవాళ్లు విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకోవచ్చు. 2023 జనవరిలో 10 దేశాల నంబర్లకి అనుమతి ఇచ్చారు. సింగపూర్, అమెరికా, బ్రిటన్, యూఏఈ, సౌదీ అన్నీ అందులో ఉన్నాయి. మీ బ్యాంకు ఇస్తోందో లేదో బయల్దేరేముందే కనుక్కోండి. ఈసారి నేను అలాగే వచ్చి మీ దుకాణంలోనే గాజులు కొంటాను.

---

మొదట మరుగుదొడ్డి, ఆదివారం ఉదయం 10:10

ఇన్ని చెప్పారు, ఆడవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. మా అమ్మ ఊరు చూడ్డానికి బయల్దేరితే పొద్దున్నుంచి మంచినీళ్లు తాగదు, బాత్రూమ్ ఎక్కడుంటుందో తెలియదని. ముందు అవి కట్టండి, శుభ్రంగా ఉంచండి. తర్వాత యాప్‌ల గురించి మాట్లాడదాం.

---

గచ్చిబౌలి గోపురం, ఆదివారం ఉదయం 11:20

మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం అండి. కాకపోతే ఒకటి తర్వాత ఒకటి అనక్కర్లేదు. గూగుల్ మ్యాప్స్‌లో పబ్లిక్ టాయిలెట్లు చూపించే పని 2016లో ఢిల్లీ, మధ్యప్రదేశ్ నగరాలతో మొదలై తర్వాత చాలా ఊళ్లకి వచ్చింది. అమ్మతో వెళ్లేటప్పుడు "ఎస్‌బీఎం టాయిలెట్" అని వెతకండి, ఎస్‌బీఎం అంటే స్వచ్ఛ భారత్ మిషన్. బాగోలేకపోతే అక్కడే రాయండి. ఆ రివ్యూ చూసి శుభ్రం చేయించే అధికారి ఒకరుంటే సగం పని అయినట్టే.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను, రవాణా సమాచారం మీద. ప్రతి నగరానికీ ఒక టూరిజం యాప్ చేయాలని అందరూ మొదలుపెడతారు. రెండు రోజులు ఉండి పోయే మనిషి దాన్ని ఎందుకు దించుకుంటాడు? వాడి ఫోన్‌లో ఇప్పటికే ఉన్న మ్యాప్‌లోకి, వాట్సాప్‌లోకి మన సమాచారం పంపాలి. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరం బస్సుల టైమ్‌టేబుల్‌ని 2005లో గూగుల్‌కి ఒక పద్ధతిలో ఇచ్చింది. దాన్నే జీటీఎఫ్ఎస్ అంటారు. ఏ స్టాపు ఎక్కడుంది, ఏ బస్సు ఎన్నింటికి వస్తుంది అన్నది మామూలు పట్టికలుగా రాసి పెట్టడమే. ఇప్పుడు ప్రపంచమంతా అదే వాడుతోంది. మన ఆర్టీసీకి బస్సు ఎక్కడుందో చూపించే గమ్యం యాప్ 2023 ఆగస్టు నుంచి ఉంది. ఆ సమాచారం భాష తెలియని మనిషి మ్యాప్‌లో కూడా కనిపించాలి. మెహదీపట్నంలో నిలబడి గోల్కొండ బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో తెలిస్తే ఆటోకి ఎంతడిగితే అంత ఇవ్వక్కర్లేదు.

మూసీ ఒడ్డు గారు చెప్పిన ఫారం గురించి. 25 రూపాయల టికెట్‌కి నలుగురి గుర్తింపు కార్డు నంబర్లు ఎందుకు? నేను చేసే పనిలో మొదట వేసుకునే ప్రశ్న ఇదే, ఈ గడి తీసేస్తే ఏం ఆగిపోతుంది? ఏమీ ఆగకపోతే తీసేయాలి.

---

అలిపిరి, ఆదివారం మధ్యాహ్నం 1:45

తిరుపతి నుంచి. పుణ్యక్షేత్రాన్ని టూరిజం అనడం కొందరికి నచ్చదు, అయినా ఇన్ని లక్షలమందిని ఫోన్ ద్వారా నడిపిస్తున్న ఊరు మన దగ్గర ఇంకోటి లేదు. 300 రూపాయల ప్రత్యేక దర్శనం టికెట్లు నెలవారీగా ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. ఉచిత సర్వదర్శనానికి కూడా టైమ్ వేసిన టోకెన్ ఇస్తారు, ఫలానా గంటకి రమ్మని. పసిపిల్లలతో వచ్చిన తల్లికి కంపార్ట్‌మెంట్‌లో గంటలకొద్దీ కూర్చునే బాధ ఎంత తగ్గుతుందో ఆలోచించండి. 2023 మార్చి నుంచి గదుల కేటాయింపులో ముఖం గుర్తుపట్టే కెమెరాలు పెట్టారు. గది తీసుకున్నవాడు వేరేవాళ్లకి అమ్ముకోకుండా.

నాది నెట్ సెంటర్. టికెట్లు వదిలే రోజు పొద్దున్నే చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఆధార్ కార్డులు గుడ్డలో చుట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చుంటారు. టైమ్ అవుతుంటే షాపులో ఎవరూ మాట్లాడరు. నాకు చేతులు వణుకుతాయి, పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే వాళ్లు అంత దూరం వెళ్లి గేటు దగ్గర ఆగిపోవాలి. టికెట్ వచ్చిందని ప్రింట్ తీసి ఇస్తే కళ్లకద్దుకుంటారు. ఒక ముసలామె దొంగ వెబ్‌సైట్‌లో తీసిన టికెట్ తెచ్చి చూపించింది, ఎవరో తెలిసినవాళ్లే తీశారట. చూడగానే నాకు అర్థమైంది, ఆమెకి చెప్పడానికే నోరు రాలేదు. వెబ్‌సైట్ అడ్రస్ అక్షరం అక్షరం చూసుకోండి, మీ పెద్దవాళ్లకి మీరే తీసిపెట్టండి.

ఫోన్ లేనివాళ్లకి తోడు మా లాంటి షాపులే. మమ్మల్ని దళారులుగా కాకుండా ఒక సహాయ కేంద్రంగా గుర్తించి, ఇంత తీసుకోవాలని ధర పెడితే మాకూ గౌరవం, వాళ్లకీ భరోసా.

---

బీచ్ రోడ్డు, ఆదివారం మధ్యాహ్నం 3:00

వైజాగ్ నుంచి చిన్న మాట. అరకు రైలుకి అద్దాల విస్టాడోమ్ పెట్టె 2017లో వచ్చింది. టికెట్లు ముందే అయిపోతాయి. స్టేషన్‌కి వచ్చి దొరక్క వెనక్కెళ్లే కుటుంబాల్ని నేను చాలాసార్లు చూశాను. మామూలు పెట్టె కిటికీలోంచి కూడా అవే సొరంగాలు, అవే లోయలు కనిపిస్తాయని ఎవరూ వాళ్లకి చెప్పరు. "విస్టాడోమ్ లేదు" అని చూపించే తెర మీదే ఆ ఒక్క ముక్క కూడా చెప్పొచ్చు కదా.

---

తెలుగు వికీ వాడుకరి, ఆదివారం సాయంత్రం 5:20

పొద్దున్నుంచి చదువుతున్నాను. గైడ్ అన్న చెప్పిన బందీఖానా మాట దగ్గర ఆగిపోయాను. క్యూఆర్ స్కాన్ చేస్తే ఏ భాషలో తెరుచుకుంటుంది? నేను చూసినంతలో ఎక్కువ చోట్ల ఇంగ్లీషు.

బ్రిటన్‌లో వేల్స్‌లో మన్మత్ అనే చిన్న ఊరు ఉంది. 2012 మే నెలలో ఆ ఊరు మొత్తానికీ క్యూఆర్ పలకలు పెట్టారు, బడికి, చర్చికి, వంతెనకి, దుకాణాలకి. స్కాన్ చేస్తే ఆ చోటు గురించి వికీపీడియా వ్యాసం వస్తుంది. వ్యాసం మీ ఫోన్ ఏ భాషలో ఉందో ఆ భాషలోనే తెరుచుకుంటుంది. క్యూఆర్‌పీడియా అంటారు దాన్ని. ఒకే పలక, ఎన్ని భాషలైనా. రాసింది ఆ ఊరి జనం, వాళ్లతోపాటు ఎక్కడెక్కడి నుంచో చేతులు కలిపినవాళ్లు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. మన ఊళ్ల గురించి మనమే రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పలకలు పెట్టాలంటే కావాలి, అది తర్వాత అడుగుదాం. ముందు వ్యాసాలు తయారుగా ఉండాలి. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి పదేళ్లకు పైగా ఎంతో ఓపికగా మరమ్మతు చేసింది. ఏ సమాధి ఎవరిది, ఆ మెట్లబావులు ఎలా బాగుచేశారు అన్నది తెలుగులో చదవడానికి మనవాళ్లకి ఎంత దొరుకుతోంది? అక్కడినుంచి మొదలుపెడితే?

---

కోట మెట్లు, ఆదివారం సాయంత్రం 6:40

నేను రాయలేను అన్నా, చెప్పగలను. పద్దెనిమిదేళ్లుగా చెప్పిందంతా ఉంది. ఎవరైనా రికార్డు చేసుకుని రాస్తారంటే వచ్చే ఆదివారం పొద్దున ఖాళీ. డబ్బులు వద్దు.

---

లాడ్ బజార్ బిడ్డ, ఆదివారం సాయంత్రం 6:55

నేను ఉర్దూలో రాస్తాను. మా మామూ కుంపటి దగ్గర ఫోటోలు కూడా తీసి పెడతా.

---

గచ్చిబౌలి గోపురం, ఆదివారం రాత్రి 7:30

నేనూ వస్తాను. ఆడియో ఫైళ్లు సిగ్నల్ లేకపోయినా వినిపించేలా చేయడం నా బాధ్యత. పెద్దగా ఏమీ కాదు, ముందే దించుకునే ఒక పేజీ చాలు.

---

మూసీ ఒడ్డు, ఆదివారం రాత్రి 9:10

ఇంతమంది ఇంత మనసుపెట్టి రాస్తారని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. ఇందాక పెదనాన్నకి ఫోన్ చేసి ఇవన్నీ చదివి వినిపించాను. నాందేడ్ పెద్దాయన మళ్లీ కనిపించాడా అని అడిగాడు. బందీఖానా దగ్గర తను పాడిన కీర్తన నా ఫోన్‌లో రికార్డయి ఉంది, ఆడియోలో పెట్టుకోవచ్చా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, గొంతు బాగాలేని రోజది, మళ్లీ పాడి పంపిస్తానన్నాడు.

వచ్చే ఆదివారం ఉదయం 9:30కి కుతుబ్‌షాహీ సమాధుల గేటు దగ్గర కలుద్దాం. ఎవరి టికెట్ వాళ్లు ముందే తీసుకోండి. ఫోన్‌లో తీయడం రానివాళ్లు నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి, నేను తీసిపెడతాను. రికార్డు చేయడానికి మంచి మైక్ కావాలి, అక్కడ గాలి ఎక్కువ. ఎవరి దగ్గరైనా ఉందా?

---

పాదచారి, ఆదివారం రాత్రి 9:25

నా దగ్గర ఉంది. గాలి చప్పుడు రాకుండా తొడిగే స్పాంజి కూడా తెస్తాను.